సంతలో మన చుట్టాలు

ప్రతి ఉగాది సంచికలోనూ ఈ శీర్షిక కింద ఏదో ఒక ముచ్చట చెప్పుకుంటూ వస్తున్నాం. ఒక ఏడు మన పెళ్ళిపాటల గురించి, ఒక ఏడు తోటల్లో మన పెద్దలు ఆడుకున్న ఆటల గురించి మాట్లాడుకున్నాం. ఈసారి చేతిసంచీ పట్టుకుని నాతో సంతకు రండి. ఎక్కువ దూరం కాదు. మన పేటలో వారానికొక రాత్రి పెట్టే పసార్ మలాం, లేదా రైతులు తెచ్చి అమ్ముకునే పసార్ తాని. ఏదైనా సరే.

ముందే ఒక మాట. మనం వెళ్ళేది దురియాన్ కోసం కాదు. దానిని పండ్లకు రాజు అన్నారు, మాంగోస్టీన్‌ను రాణి అన్నారు. రాజుగారికీ రాణిగారికీ భట్రాజులు చాలామంది ఉన్నారు, నేను వేరే పొగడనక్కరలేదు. రంబుతాన్ కూడా ఇప్పుడు ప్రపంచమంతా తిరిగొచ్చింది. నేను చూపించదలచుకున్నది ఆ దుకాణాల పక్కన, నేల మీద గోనెపట్టా పరుచుకుని కూర్చున్న ముసలి మక్‌చిక్ ముందు చిన్న చిన్న కుప్పలుగా పోసి ఉండే పండ్లను. కుప్పకింత అని ధర. వాటికి బోర్డు ఉండదు, పేరు రాసి ఉండదు. మన పిల్లలు వాటిని చూడకుండా దాటి వెళ్ళి ఆపిల్ పండ్లు కొంటారు. పెరటి చెట్టు మందుకు పనికిరాదని మనవాళ్ళు ఊరికే అనలేదు.

ఈ కుప్పల దగ్గర కాసేపు ఆగి చూస్తే ఒక తమాషా తెలుస్తుంది. వీటిలో సగం మనకు చుట్టాలే. శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల నుంచి మన తాతముత్తాతలు ఈ దేశం వచ్చేసరికి, చుట్టరికం కలుపుకోవడానికి ఇక్కడ కొన్ని చెట్లు ముందే కాసుకుని ఉన్నాయి.

పనసకు తమ్ముడు

మొదటి కుప్ప చెంపెదాక్. చూడగానే చిన్న పనసకాయ అనుకుంటారు. నిజంగానే అది పనసకు తోడబుట్టినది. పనసంత పెద్దది కాదు, సన్నగా, పొడుగ్గా, ఒక చేత్తో ఎత్తగలిగినంత ఉంటుంది. వాసన మాత్రం అన్నగారికంటే ఘాటు. ఇంట్లో ఒక కాయ పండితే పక్కింటివాళ్ళు వచ్చి పలకరిస్తారు.

పనస కోయాలంటే మనకు పెద్ద తతంగం. చేతులకు నూనె రాసుకోవాలి, కత్తికి నూనె పట్టించాలి, పీచు తీయాలి, తొన తీయాలి. చెంపెదాక్‌కు ఈ బాధ తక్కువ. బాగా పండినదాన్ని పైతోలు నిలువునా చీల్చి రెండువైపులా విప్పితే, నడిమి కాడకు అంటుకుని తొనలన్నీ ద్రాక్షగుత్తిలాగ ఒక్కసారిగా బయటికి వస్తాయి. ఆ తొనలను గింజతో సహా పిండిలో ముంచి నూనెలో వేయిస్తే చెంపెదాక్ గోరెంగ్. సాయంత్రం టీ వేళ రోడ్డు పక్కన బండి మీద వేడివేడిగా దొరుకుతుంది. మనకు మిరపకాయ బజ్జీ ఎలాగో వీళ్ళకు అది అలాగ. లోపలి గింజ ఉడికి, మన పనసగింజలాగే పిండిపిండిగా కమ్మగా ఉంటుంది. ఒక్క పండుకు రెండు పలహారాలు.

మామిడి ఇంటి ఆడపడుచులు

రెండో వరుసలో మామిడి కుటుంబం ఉంది. మనకు మామిడి అంటే బంగినపల్లి, సువర్ణరేఖ, రసాలు. ఇవన్నీ ఒకే జాతి చెట్టులో రకాలు. ఈ దేశపు అడవుల్లో మామిడికి వేరే జాతుల అక్కచెల్లెళ్ళు చాలామంది ఉన్నారు. బాచాంగ్ ఒకటి. పండినా పచ్చగానే ఉంటుంది, వాసన వీధి చివరికి తెలుస్తుంది. కువినీ ఇంకొకటి. దీని పరిమళానికి ప్రాణం పెట్టేవాళ్ళున్నారు. బింజాయ్ మూడోది. గోధుమరంగు తోలు, లోపల తెల్లని గుజ్జు. పచ్చి బింజాయ్ సొన ఒంటికి తగిలితే దద్దుర్లు లేస్తాయి. మామిడికాయ ముచిక తుంచగానే చిమ్మే సొన, జీడిపిక్క నూనె చేసే అల్లరి మనకు తెలిసినవే కదా. ఇంటి గుణం ఎక్కడికి పోతుంది!

వీటి దగ్గరే నిమ్మకాయంత మామిడికాయలు కనిపిస్తాయి. అవి కుందాంగ్. కొన్ని చోట్ల సెతార్ అని కూడా అంటారు. పచ్చివి పుల్లగా ఉంటాయి, మిరపకాయ సంబల్‌లో అద్దుకు తింటారు. పండితే నారింజ రంగుకు తిరిగి తియ్యబడతాయి. కోసి చూడండి, లోపలి గింజ వంగపూవు రంగులో ఉంటుంది. కెదా రాష్ట్రంలోని అలోర్ సెతార్ పట్టణానికి ఆ పేరు వచ్చింది ఈ చెట్టు వల్లనే.

కుందాంగ్ పేరెత్తితే నాకు మా ఇంటి ఉగాది ఒకటి గుర్తొస్తుంది. ఆ ఏడు మా తోటలో మామిడిచెట్లు కాయలేదు. వేపపూత గుడి దగ్గర దొరికింది, కొత్త చింతపండు ఉంది, బెల్లం ఉంది, పచ్చడిలోకి మామిడికాయ మాత్రం లేదు. అమ్మ వాకిట్లో దిగాలుగా నిలబడింది. లైను ఇళ్ళ వెనక కుందాంగ్ చెట్టు నిండా కాయలున్నాయి. వెయ్యవచ్చునా, కూడదా అని అనుమానం. నాన్నమ్మ అరుగు మీద కూర్చుని వక్క కత్తిరిస్తూ, "ఏటే కోడలా, అలా నిలబడిపోనావు? అది మామిడికి చెల్లెలే కదా. అక్క రాకపోతే చెల్లెల్ని పేరంటానికి పిలుచుకోమా?" అంది. అంతే, కుందాంగ్ ముక్కలు పచ్చడిలో పడ్డాయి. అక్షరం ముక్క రాని మనిషి. మామిడి, జీడిమామిడి, కుందాంగ్ అన్నీ ఒకే కుటుంబమని వృక్షశాస్త్రజ్ఞులు పుస్తకాల్లో రాసిన సంగతి ఆవిడకు ఎవరు చెప్పారు? ఆకు నలిపి వాసన చూసి, కాయ కొరికి రుచి చూసి చెప్పింది. అది చదువు కాదని ఎవరనగలరు?

జీడిమామిడిది ఇంకో కథ. దాని పుట్టిల్లు బ్రెజిల్. పోర్చుగీసువాళ్ళు ఓడల్లో తెచ్చి అటు మన కోస్తాలోనూ ఇటు ఈ దేశంలోనూ దించారు. అక్కడ పలాస జీడిపప్పుకు పేరుపడింది. ఇక్కడ మలాయీలు దాని లేత చిగుళ్ళు కోసి, పచ్చిగానే అన్నంలోకి నంజుకుంటారు. ఒకే చెట్టు, ఒక ఊరివాళ్ళు పప్పు కోసం పెంచారు, ఇంకో ఊరివాళ్ళు ఆకు కూడా వదల్లేదు.

కొండ మీద ఉసిరికాయ, సముద్రంలో ఉప్పు

ఈ సామెత మన ఊరగాయ జాడీ గురించి పుట్టింది. మలాకా పట్టణం గురించి అన్నా సరిగ్గా సరిపోతుంది. సముద్రం ఒడ్డున ఉన్న ఆ రేవుపట్నానికి పేరు ఉసిరిచెట్టు నుంచి వచ్చిందని ఇక్కడి బడిపిల్లలందరూ చదువుకునే కథ. సుమారు 1400 ప్రాంతంలో పరమేశ్వర అనే రాజు వేటకు వచ్చి ఒక చెట్టు కింద విశ్రమించాడట. ఆయన వేటకుక్క మీదికి కుందేలంత లేడి ఒకటి తిరగబడి దాన్ని నీళ్ళలోకి తన్నిందట. ఇంత చిన్న ప్రాణికే ఇంత పౌరుషం ఉన్న నేల రాజధానికి తగినదని, తాను ఆనుకున్న చెట్టు పేరేమిటని అడిగితే "మలాకా" అన్నారట. ఆ మలాకా చెట్టు మరేదో కాదు, మనం కార్తీకంలో వనభోజనాలకు కింద విస్తళ్ళు వేసుకునే ఉసిరి. క్షీరాబ్ది ద్వాదశినాడు తులసికోటలో కొమ్మ పాతే ఉసిరి.

కథ నిజమో కాదో చరిత్రకారులు తేల్చుకుంటారు. చెట్టు మాత్రం నిజం. అంతేకాదు, బువా మలాకా, అంటే "ఉసిరిపండు" అనే పేరుతో ఇక్కడ ఒక మిఠాయి ఉంది. జిగురు బియ్యప్పిండి ఉండలో తాటిబెల్లం లాంటి బెల్లం ముక్క పెట్టి, ఉడకబెట్టి, కొబ్బరికోరులో దొర్లిస్తారు. నోట్లో వేసుకోగానే లోపలి పాకం చిమ్ముతుంది. మన ఉండ్రాయికీ పూర్ణం కుడుముకూ పెళ్ళి చేస్తే పుట్టిన బిడ్డ అనుకోండి.

ఉసిరికి ఒక చిన్న చుట్టం కూడా ఇక్కడ ఉంది. పేరు చెర్మాయ్. కొమ్మల నిండా గుత్తులుగా, లేత పసుపురంగులో, గాట్లుపడిన చిన్న కాయలు. మనవాళ్ళు రాచ ఉసిరి అంటారు. ఉప్పూ కారం అద్దుకుని తింటే పళ్ళు పులిసిపోతాయి, అయినా చెయ్యి ఆగదు.

చెట్ల పేర్లు ఊళ్ళకు పెట్టడంలో మనమూ వీళ్ళూ ఒకటే. మనకు మామిడికుదురు, చింతపల్లి, వెలగపూడి ఉన్నట్టే వీళ్ళకు మలాకా, అలోర్ సెతార్, దురియాన్ తుంగల్ ఉన్నాయి. పులావ్ పినాంగ్ అంటే వక్కల దీవి. కౌలాలంపూర్‌లో మనవాళ్ళు చాలామంది రైలు వర్క్‌షాపులో పనిచేసిన పేట పేరు సెంతుల్. సెంతుల్ అనేది కూడా ఒక పండే. బత్తాయంత పసుపుపచ్చ కాయ, లోపల గింజకు దూదిలాంటి తెల్లని పులుపు గుజ్జు. ఆ పేటలో పుట్టిపెరిగిన ఎంతమంది ఆ పండు చూశారో వారినే అడగండి.

పేర్లు చెప్పే చుట్టరికం

బడిలో పాఠాలు చెప్పి రిటైరైన వాణ్ణి కనుక మాటల దగ్గర కాస్త ఆగుతాను. దానిమ్మను మలాయీలో దెలిమా అంటారు. సంస్కృతంలో దాడిమం. విత్తనాన్ని బీజి అంటారు. అది మన బీజమే. జాజికాయను పాలా అంటారు. అది ఫలమే.

అన్నిటికంటే ముచ్చటైనది జంబు. సంస్కృతంలో జంబు అంటే నేరేడు. మన పంచాంగంలో సంకల్పం చెప్పేటప్పుడు జంబూద్వీపే అంటాం కదా, ఆ జంబువే. మలాయీవాళ్ళు ఆ మాటను తీసుకుని ఒక పెద్ద కుటుంబానికే ఇంటిపేరుగా పెట్టారు. మన జామకాయ వీళ్ళకు జంబు బాతు, అంటే రాతి జంబు. మనం గులాబీజామ అనే నీళ్ళకాయ వీళ్ళకు జంబు ఆయెర్, అంటే నీటి జంబు. ఇంతలేసి ఎర్రని కాయలు కాసే ఇంకో చెట్టు జంబు బోల్. నిజానికి జామచెట్టు అమెరికా ఖండం నుంచి వచ్చిన పరదేశి. వచ్చినవాడికి ఊళ్ళో ఉన్న పేరే పెట్టి కలుపుకున్నారు.

మనవాళ్ళు చేసిందీ అదే. సీతాఫలం, రామాఫలం, లక్ష్మణఫలం అని ఎంత చక్కని పేర్లు పెట్టుకున్నాం! మూడూ అమెరికా ఖండపు మొక్కలే. సముద్రాలు దాటి వచ్చిన వాటికి ఏకంగా రామాయణంలో చోటిచ్చాం. ఇక్కడివారు లక్ష్మణఫలాన్ని దురియాన్ బెలాందా అన్నారు, అంటే డచ్చివాళ్ళ దురియాన్ అని. ఒకరు దేవుడి పేరు పెట్టారు, ఒకరు ఓడ దిగిన దొర పేరు పెట్టారు. పేరు పెట్టి పిలిచాక ఎవరూ పరాయివాళ్ళు కారు. వలస వచ్చిన కుటుంబాలలో పుట్టిన మనకు ఈ సంగతి వేరే చెప్పాలా?

వంటింటి పులుపులు

కొత్తగా ఈ దేశానికి ఉద్యోగాల మీద వచ్చిన మన తెలుగు ఆడపడుచులు చింతపండు దొరుకుతుందా అని మొదట అడుగుతారు. భేషుగ్గా దొరుకుతుంది. కానీ పులుపుకు ఇక్కడ ఇంకా చాలా దారులున్నాయి. ఆసం కెపింగ్ అని నల్లగా ఎండిన ముక్కలు అమ్ముతారు. పేరులో ఆసం, అంటే పులుపు ఉంది గాని అవి చింతపండు కావు. గెలుగోర్ అనే చెట్టు కాయను పలచగా కోసి ఎండబెట్టినవి. మాంగోస్టీన్‌కు దగ్గరి బంధువు. చేపల పులుసులో నాలుగు ముక్కలు వేస్తే పులుసు చిక్కబడకుండా పులుపు మాత్రం దిగుతుంది. మా ఇంట్లో చేపకు ఆసం కెపింగ్, పప్పుకు చింతపండు అని రాజీ కుదిరి చాలా కాలమైంది.

బెలింబింగ్ బులూ అని ఇంకొకటి. చెట్టు మొదలు నుంచి పైదాకా కాండానికే వేలాడే వేలెడంత ఆకుపచ్చ కాయలు. పప్పులో వేస్తే మామిడికాయ పప్పు మరిపిస్తుంది. కెదొందొంగ్ మరొకటి. మన అంబాళం, అడవిమామిడి అనే చెట్టుకు దగ్గరిది. లోపల టెంక ముళ్ళముళ్ళుగా ఉంటుంది, జాగ్రత్తగా కొరకాలి. ఉప్పులో ఎండిన రేగుపండు లాంటి ఆసం బోయి వేసి దాని రసం తీసి ఇస్తారు. ఎండన పడి వచ్చినవాడికి అది అమృతం.

నీపా అనే తాటిజాతి చెట్టు ఉప్పునీటి కయ్యల్లో పెరుగుతుంది. దాని లేత గింజలు అచ్చం తాటిముంజల్లాగే ఉంటాయి. ఐస్ కచాంగ్‌లో మెత్తగా, పారదర్శకంగా తగిలే ఆ ముక్క అదే. ముంజలు బొటనవేలితో గుచ్చుకుని తిన్న మా నాన్న తరం వాళ్ళకు ఆ ముక్క నోట్లో పడితే మాట ఆగిపోయేది.

తూర్పు మలేషియా సంతలు

సముద్రం దాటి సబా, సరవాక్ వెళితే సంత ఇంకో లోకం. కొత కినాబాలులో గాయా వీధి ఆదివారం సంతలో బంబాంగన్ చూడాలి. ఇదీ మామిడి జాతే, కానీ కొబ్బరికాయంత గోధుమరంగు కాయ. కదజాన్-దుసున్ ప్రజలు దీనితో ఊరగాయ పెడతారు. ముక్కలకు ఉప్పు పట్టించి, లోపలి జీడిని తురిమి అందులోనే కలిపి జాడీలో ఊరేస్తారు. మనం ఆవకాయలో టెంక ఉండాలని పట్టుబట్టినట్టు, జీడి తురుము లేకపోతే అది ఊరగాయే కాదని వాళ్ళు పట్టుబడతారు. రెండు జాతులవాళ్ళూ ఒకరినొకరు చూడకుండా, ఒకే చెట్టు కుటుంబం దగ్గర ఒకే పాఠం నేర్చుకున్నారు.

అక్కడే తరాప్ అనే పండుంది. పనస కుటుంబమే. పైన మెత్తని వెంట్రుకల్లాంటి ముళ్ళు, లోపల తెల్లని చిన్న తొనలు. విప్పిన కొద్ది గంటలకే రంగూ రుచీ పోతుంది కనుక దూరప్రయాణం చెయ్యదు. దాన్ని తినాలంటే మనమే వెళ్ళాలి. సరవాక్‌లో సిబూ, కాపిత్ వైపు దబాయ్ దొరుకుతుంది. నల్లగా, పెద్ద నేరేడుపండులా ఉంటుంది, కానీ కోసినా కొరికినా రాయి. గోరువెచ్చని నీళ్ళలో కాసేపు నానబెడితే వెన్నలా మెత్తబడుతుంది. నీళ్ళు మరిగిపోతుంటే మాత్రం మెత్తబడక ఇంకా గట్టిపడుతుంది. ఉప్పు చల్లుకుని అన్నంలో కలుపుకుంటారు. వేడి ఎక్కువైతే బిగుసుకుపోయి, గోరువెచ్చగా పలకరిస్తే కరిగేవాళ్ళు మన చుట్టాల్లోనూ ఉన్నారు కదా!

నాలుగు జాగ్రత్తలు

కొత్తవారి కోసం నాలుగు మాటలు. బెలింబింగ్ అనే నక్షత్రంలాంటి పండు, కోస్తే అయిదు కోణాలుంటుంది, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ముట్టుకోరాదు. ఆరోగ్యవంతులకు పరవాలేదు గాని, ఆ జబ్బున్నవారిలో ఇది ఎక్కిళ్ళతో మొదలై ఫిట్స్ దాకా, ప్రాణం మీదికి కూడా తేవచ్చు. అందులోని విషపదార్థాన్ని బ్రెజిల్ శాస్త్రజ్ఞులు 2013లో గుర్తించి కారంబాక్సిన్ అని పేరు పెట్టారు. ఇంట్లో డయాలిసిస్ చేయించుకునే పెద్దలుంటే బెలింబింగ్ పండును, రసాన్ని ఇంటికి తేకండి.

సెంతుల్ గింజలు చప్పరించి ఉమ్మెయ్యాలి, మింగకూడదు. పేగులకు చిల్లిపడిన సందర్భాలున్నాయి. పిల్లలకు గట్టిగా చెప్పండి. మాంగోస్టీన్ తోలు రసం బట్టల మీద పడితే మరక వదలదు. పట్టుచీర కట్టుకుని ఆ పండు విప్పకండి. ఇంకొకటి, శాకాహారులకు. రొజాక్ అనే పండ్లముక్కల వంటకం చూడటానికి ఉగాది పచ్చడికి అన్నగారిలా ఉంటుంది. తీపి, పులుపు, కారం, ఉప్పు, వగరు అన్నీ ఉంటాయి. కానీ ఆ నల్లని పాకంలో రొయ్యల ముద్ద కలుస్తుంది. లేకుండా కలపమని ముందే అడగండి.

గాదెలో దాగని గింజలు

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ కుప్పలు ఏటేటా తగ్గుతున్నాయి. మా సంతలో ఒకప్పుడు రంబాయ్ గుత్తులు తాళ్ళలాగ వేలాడేవి. పులాసాన్ వచ్చేది. పులాస్ అంటే మెలిపెట్టడం, రంబుతాన్‌కు అన్నలాంటి పండు, రెండు చేతులతో మెలితిప్పితే విచ్చుకుంటుంది. పిల్లికన్ను అని పేరున్న మాతా కుచింగ్ వచ్చేది. ఇప్పుడు ఏ ఏటికైనా ఒకసారి కనిపిస్తే పండుగే. నాకు తెలిసిన ఒక మక్‌చిక్‌ను కారణం అడిగాను. "చెట్టు లేదు అంకుల్, ఇల్లు కట్టారు" అంది. అంతకంటే ఏం చెబుతుంది?

మన తోటల కథ మీకు తెలిసిందే. రబ్బరు పోయి పామాయిల్ వచ్చింది. పామాయిల్ పోయి కొన్నిచోట్ల ఇళ్ళు వచ్చాయి. లైను ఇళ్ళ వెనక మన పెద్దలు గింజ పాతి పెంచిన చెట్లు ఎవరి లెక్కల్లోనూ లేవు. నేను పుట్టిన తోటలో బాచాంగ్, కుందాంగ్, మునగ, కరివేపాకు అన్నీ ఒక్క వారంలో బుల్‌డోజరు కిందికి పోయాయి. మనుషులకు పరిహారం గురించి మాట్లాడినవారున్నారు గాని చెట్ల గురించి ఎవరడుగుతారు? మలాయీ గ్రామాల్లో దూసూన్ అనే కలగలుపు తోటలుండేవి. పది రకాల పండ్లచెట్లు కలిసి పెరిగేవి. చైనా దేశం 2019లో గడ్డకట్టించిన దురియాన్ కాయలకు, 2024లో తాజా కాయలకు తలుపు తెరిచాక ముసాంగ్ కింగ్ రకానికి గిరాకీ మండిపోయింది. రైతు నాలుగు డబ్బులు చూసుకోవద్దని నేననను. కానీ రాజుగారి కోసం రాజ్యంలో అందరినీ ఖాళీ చేయిస్తే అది రాజ్యం కాదు.

ఇందులో ఒక చిక్కుంది. వరి విత్తనమైతే ఎండబెట్టి గాదెలో పోయవచ్చు, చల్లని గదుల్లో ఏళ్ళ తరబడి దాచవచ్చు. దురియాన్, రంబుతాన్, మాంగోస్టీన్, చెంపెదాక్, డూకు వంటి ఈ నేల పండ్ల గింజలు అలాంటివి కావు. ఎండితే చచ్చిపోతాయి. చల్లదనానికీ తట్టుకోవు. చెట్టు నిలబడి ఉంటేనే విత్తనం ఉన్నట్టు. ఇంకొకటి, గింజ నుంచి లేచిన ప్రతి చెంపెదాక్ చెట్టు కాయకూ రుచి వేరు. పెరట్లో ఒక చెట్టు కొడితే ఆ రుచి ప్రపంచంలో ఇంకెక్కడా ఉండదు. మాంగోస్టీన్ దీనికి భిన్నం. దాని గింజ పుప్పొడితో పనిలేకుండానే తల్లి నకలుగా పుడుతుంది.

ప్రభుత్వం వారి వ్యవసాయ పరిశోధన సంస్థ మార్డి తన తోటల్లో అరుదైన పండ్లచెట్లను పెంచుతోంది. మంచిపని. అయితే రైతుల పెరళ్ళే అసలైన భాండాగారాలని అంతర్జాతీయ సంస్థలు కూడా ఒప్పుకున్నాయి. మామిడి, మాంగోస్టీన్, రంబుతాన్, నారింజ జాతులను రైతుల చేతనే కాపాడించే పథకం ఒకటి భారత్, మలేషియా, ఇండోనేషియా, థాయ్‌లాండ్ దేశాలలో కలిపి నడిచింది. భారతదేశంలో ఎంచుకున్న చోట్లలో మన చిత్తూరు జిల్లా ఒకటి. అక్కడి నాటు మామిడి కాచే రైతూ, ఇక్కడ రంబుతాన్ కాచే రైతూ ఒకే పనిలో ఉన్నారన్నమాట.

మనం ఏం చేయగలం? భూములు మన చేతిలో లేవు. నోరు, చెవి ఉన్నాయి. సంతకు పిల్లలను తీసుకువెళ్ళండి. తెలియని పండు కనబడితే పేరడగండి. అడిగితే ఆ మక్‌చిక్ ముఖం ఎంత వికసిస్తుందో చూడండి. ఒక కుప్ప కొనండి. అడిగేవాడుంటేనే మళ్ళీ తెస్తుంది, తెచ్చే దారి ఉంటేనే ఇంట్లోవాళ్ళు చెట్టును ఉండనిస్తారు. పెరట్లో జానెడు చోటున్నవారు పూలకుండీ పక్కన ఒక చెర్మాయ్, ఒక కుందాంగ్ పెట్టండి.

సంఘం కార్యవర్గానికి ఒక విన్నపం కూడా. వచ్చే ఉగాదినాడు పచ్చడి పంచే బల్ల పక్కన ఇంకొక బల్ల వేయించండి. వచ్చే ప్రతి కుటుంబమూ ఒక్క పండు తేవాలి. ఆపిల్, ద్రాక్ష వద్దు, ఈ నేలలో పుట్టినదే కావాలి. పిల్లలు దాని పేరును తెలుగు లిపిలో అట్టముక్క మీద రాయాలి. మలాయీ పేరు, మనింట్లో పిలిచే పేరు, ఏ చెట్టుకు చుట్టమో మూడూ రాయాలి. పెద్దలు తప్పులు దిద్దాలి. పెద్దలకు తెలియనివి పిల్లలు సంతలో అడిగి రావాలి. బాగా రాసినవాళ్ళకు బహుమతి నా తరఫున, ఒక గంప చెంపెదాక్. హాలు తలుపులు తెరిచి ఉంచే బాధ్యత మాత్రం కార్యవర్గానిదే.